బిగించిన కుర్చీలా, మడిచే గ్యాలరీయా?

చెన్నైలోని ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒకే మందిరం ఉదయం ఉపన్యాసానికి, సాయంత్రం కచేరీకి, మరునాడు మా తెలుగు విద్యార్థుల ఉగాది నాటకానికి పనికి రావాలంటే, ముందుగా తేల్చుకోవలసినది కుర్చీల సంగతి.

మెట్లుగా బిగించిన మెత్తని కుర్చీలుంటే చూపుకు అడ్డం ఉండదు. పైగా అటువంటి కుర్చీ ఖాళీగా ఉన్నా ధ్వనిని బాగానే పీల్చుకుంటుంది కనుక, జనం పలచబడినా మృదంగ నాదం పెద్దగా మారదు. మడిచే గ్యాలరీని, అంటే చక్రాలపై జరిగే మెట్ల కుర్చీల వరుసలను, మడిచి గోడ వైపుకు నెట్టేస్తే నేలంతా చిత్ర ప్రదర్శనకు, నాట్య సాధనకు దొరుకుతుంది. కానీ అప్పుడు బోసి గోడల మధ్య మాట మోగిపోతుంది. ప్రసంగానికి సుమారు 1 సెకను అనురణనం (శబ్దం ఆగాక కూడా మందిరంలో మోగుతూ ఉండే సమయం) చాలు, సంగీతానికి 1.5 సెకన్లున్నా ఇంపే. అందువల్ల జరపడానికి వీలైన మందపాటి తెరలు తప్పవు.

నేల విషయంలో మాత్రం బిగించిన కుర్చీలే మెరుగు. నాట్యగురువు వెంపటి చినసత్యం 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పిన ఊరిది కనుక, వేదిక కూచిపూడికీ అనువుగా ఉండాలి. తరంగం అనే కూచిపూడి అంశంలో ఇత్తడి పళ్ళెం అంచులపై నిలిచి కదిలే నర్తకి మోకాళ్ళకు, గ్రానైట్ కన్నా కింద ఖాళీ వదిలి పరిచిన చెక్క నేల హాయి. బరువైన గ్యాలరీ చక్రాలు తరచూ దొర్లితే ఆ చెక్కపై చారలు పడతాయి. అయినా చక్రాల దారిలో గట్టి పలకలు వేయించే పక్షంలో నేను మడిచే గ్యాలరీనే ఎంచుకుంటాను.