కొత్త గుడ్డ వేసిన పియెటెన్‌పోల్ కొనబోతున్నారా? ముందు రెక్క కోయించి చూడండి

ఎక్కువ ఉపోద్ఘాతం రాసే ఓపిక లేదు. ప్రకటన మీలో చాలామంది చూసే ఉంటారు. పియెటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్ (ఇంట్లో కట్టుకునే రెండు సీట్ల చెక్క విమానం, రెక్కలకు గుడ్డ కప్పుతారు), కాంటినెంటల్ ఏ-65 ఇంజన్, "రెక్కకు కొత్త గుడ్డ, ఎప్పుడూ హ్యాంగర్‌లోనే, డ్యామేజ్ హిస్టరీ లేదు". అమ్మినతను ఎవరో ఈ పాతకాలపు విమానాల చుట్టూ తిరిగేవాళ్లకు కొత్త కాదు. పేరు రాయను, జరిగింది మాత్రం దాచను. ఆ రెక్కలో ముందు స్పార్, అంటే రెక్క పొడవునా పోయి బరువు మోసే చెక్క దూలం, దెబ్బతిని ఉంది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే పైన కొత్త గుడ్డ కప్పి అమ్మాడు.

డబ్బు పోవడం ఒక ఎత్తు. ఆ రెక్క నమ్ముకుని ముందు సీట్లో ఒకరు, వెనక సీట్లో ఒకరు కూర్చుని గాల్లోకి లేస్తారు. ఆ మాట తలుచుకుంటేనే ఒళ్లు మండిపోతోంది.

బయటపడింది ఇలా. లిఫ్ట్ స్ట్రట్ (రెక్కను కింద నుంచి పట్టే ఊతకడ్డీ) వచ్చి ముందు స్పార్‌కు కలిసే ఫిట్టింగ్ పక్కన, రెక్క కింది వైపు ఇన్‌స్పెక్షన్ రింగ్ (గుడ్డ కోసి లోపల చూడటానికి అతికించే చట్రం) ఉంది గానీ దాని మధ్యలోని గుడ్డ కోయలేదు. దాన్ని కోసి అద్దం, టార్చ్ పెట్టి చూస్తే, ఫిట్టింగ్ కింద ఉండే ప్లైవుడ్ పలక అంచుకు ఆనుకుని, స్పార్ అడుగు భాగంలో, చెక్క నారకు అడ్డంగా వెంట్రుకంత గీత కనపడింది. ఆ గీత సగం మీద చిన్న ప్లైవుడ్ ముక్క అతికించారు. దాని అంచులు నిటారుగా కోసేసి ఉన్నాయి, సందుల్లో పుట్టీ కూరారు, పైన వార్నిష్ కొట్టారు. పక్కనున్న పాత వార్నిష్ తేనె రంగులోకి తిరిగింది, ఇది తెల్లగా మెరుస్తోంది. వయసుకు అలా అయిందనడానికి వీల్లేదు, ఎవరో చేత్తో చేసిన పని అది.

ఆ గీతను కంప్రెషన్ ఫెయిల్యూర్ అంటారు. విమానం గట్టిగా నేలను గుద్దినప్పుడు రెక్క కొనలు తమ బరువుకే కిందికి ఊగుతాయి. అప్పుడు స్ట్రట్ ఫిట్టింగ్ దగ్గర స్పార్ అడుగు భాగంలోని నారలు నలిగి మడతపడతాయి. నేల మీద నిలబడి ఉన్న విమానాన్ని ఎంత ఊపి చూసినా ఏమీ తెలియదు, ఎందుకంటే నలిగిన చెక్క నొక్కుడును ఇంకా తట్టుకుంటుంది. గాల్లోకి లేచాక లెక్క తిరగబడుతుంది. లిఫ్ట్ రెక్క కొనల్ని పైకి వంచుతుంది, అదే అడుగు భాగం ఇప్పుడు లాగుడులోకి వస్తుంది. నలిగిన నార లాగుడుకు నిలవదు. పైగా పలక అంచు దగ్గర స్పార్ మందం ఒక్కసారిగా మారుతుంది కాబట్టి ఒత్తిడంతా అక్కడే పోగవుతుంది. అందుకే ఈ గీతలు ఎక్కువగా పలకల అంచుల్లోనే పుడతాయి. అతను అతికించిన ముక్క అంచును ఏటవాలుగా చెక్కకుండా నిటారుగా వదిలేయడంతో అలాంటి చోటు ఇంకొకటి తయారైంది.

స్పార్‌ను సరిగ్గా బాగుచేసే పద్ధతి ఎవరికీ తెలియనిది కాదు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ వారి రిపేరు పుస్తకం ఏసీ 43.13-1బీలో బొమ్మలతో సహా ఉంది. ఏటవాలు కోత కనీసం 10కి 1, వీలైతే 12కి 1 వాలులో ఉండాలి, రెండు పక్కలా పలకలు అతకాలి, వాటి కొనలు పల్చబడుతూ ముగియాలి, అతుకు స్ట్రట్ ఫిట్టింగ్ కిందికి రాకూడదు. ఇంట్లో కట్టిన విమానానికి ఆ పుస్తకం చట్టం కాకపోయినా, కట్టేవాళ్లందరూ కొలతగా పెట్టుకునేది దాన్నే. వాటిలో ఒక్కటి కూడా ఇక్కడ పాటించలేదు.

ఇప్పుడు ఫోటోల సంగతి. కొనకముందే ఆ రింగులు కోసి చూపించమని అడిగితే "కొత్త గుడ్డ పాడవుతుంది" అని అడ్డుపడ్డాడు. అది పచ్చి అబద్ధం. ఆ రింగ్ అక్కడ పెట్టేదే కోయడానికి. సుమారు మూడున్నర అంగుళాల చిల్లు పడుతుంది, దాని మీద మూత బిగిస్తే పని అయిపోతుంది, గుడ్డ బలం ఏమీ తగ్గదు. దానికి బదులుగా "గుడ్డ వేయకముందు తీసినవి" అంటూ రెక్క అస్థిపంజరం ఫోటోలు పంపాడు. శుభ్రమైన స్ప్రూస్ చెక్క, చక్కటి జిగురు గీతలు, ఎక్కడా మచ్చ లేదు. ఆ ఫోటోల్లో స్పార్ ముప్పావు అంగుళం మందం పలక, ఎక్కడా గాడి తీయలేదు. కోసి చూసిన రెక్కలో ఉన్నది పాత ప్లాన్‌లో చూపినట్టు అంగుళం మందంతో, రెండు పక్కలా గాడి తీసి ఐ ఆకారంలో చేసిన స్పార్. పియెటెన్‌పోల్ కట్టేవాళ్లలో రెండు పద్ధతులూ ఉన్నాయి, రెండూ మంచివే. ఒకే రెక్కలో రెండూ ఉండవు. అతను పంపింది వేరే విమానం రెక్క ఫోటోలు.

ఇదే అతనికి ఫోన్ చేసి అడిగినప్పుడు వచ్చిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "కాక్‌పిట్ పక్కన ఎక్స్‌పెరిమెంటల్ అని రెండంగుళాల అక్షరాలతో రాసి ఉంది. చదువుకోలేదా? అమ్మేశాక నాకేంటి సంబంధం?" అంతే, పెట్టేశాడు. తర్వాత ఎత్తలేదు.

ఆ అక్షరాలు రాయించేది ఈ విమానం ఫ్యాక్టరీ సర్టిఫికెట్‌తో వచ్చింది కాదని ఎక్కబోయేవాళ్లకు తెలియడానికి. విరిగిన స్పార్‌ను దాచి, ఇంకొకరి రెక్క ఫోటోలు పంపి అమ్ముకోవడానికి అవి అనుమతి కాదు. 1929లో బెర్నార్డ్ పియెటెన్‌పోల్ మిన్నెసోటాలోని చెర్రీ గ్రోవ్‌లో ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజన్ పెట్టి ఈ విమానాన్ని ఎగరేసినప్పటి నుంచీ, కట్టినవాడి మాట మీద, కట్టినవాడి చేతి పని మీద నమ్మకంతోనే ఇవి చేతులు మారుతున్నాయి. ఆ నమ్మకాన్ని వాడుకుని మోసం చేశాడు, నాకు కోపం అందుకే.

లాగ్‌బుక్‌లో "గ్రౌండ్ లూప్" (నేల మీద అదుపు తప్పి గిర్రున తిరగడం) అనో "హార్డ్ ల్యాండింగ్" అనో ఎవరూ రాయరు. విడివిడిగా చూస్తే మామూలుగా కనపడే పద్దుల్ని కలిపి చదవాలి. ఇందులో కొత్త చెక్క ప్రొపెల్లర్, కొత్త యాక్సిల్, ఒక పక్క ల్యాండింగ్ గేర్ వీ స్ట్రట్ మార్పు, రెక్కకు కొత్త గుడ్డ, ఈ నాలుగూ ఒకే సీజన్‌లో ఉన్నాయి. ఏ పద్దులోనూ కారణం లేదు. పాలియెస్టర్ గుడ్డకు శత్రువు ఎండ. అల్యూమినియం పొడి కలిపిన వెండి పూత సరిగ్గా ఉండి, హ్యాంగర్‌లో ఉంటే దశాబ్దాలు నిలుస్తుంది. "ఎప్పుడూ హ్యాంగర్‌లోనే" ఉన్న విమానానికి బాగున్న గుడ్డ విప్పి కొత్తది ఎందుకు వేశారు? ఈ ఒక్క ప్రశ్నకు కాగితం మీద జవాబు లేకపోతే, లోపల ఏదో బాగుచేశారనే అనుకోవాలి. ప్రొపెల్లర్ నేలకు తగిలి మారిందంటే ఇంజన్ మీద కూడా అనుమానం పెట్టుకోవాలి. అలా తగిలాక ఇంజన్ పూర్తిగా విప్పి చూడాలని కాంటినెంటల్ చెబుతుంది. డయల్ ఇండికేటర్ పెట్టి క్రాంక్‌షాఫ్ట్ వంపు చూసుకుంటే చాలదు, లోపలి పగుళ్లు దానికి దొరకవు.

రెక్క లోపల చూసేటప్పుడు టార్చ్‌ను నేరుగా కొట్టకండి, ఏమీ కనపడదు. వెలుగు స్పార్ పొడవునా, నార వెంట, దాదాపు చెక్కను రాసుకుంటూ పోయేలా పట్టండి. అడ్డగీత ఉంటే నీడ పడుతుంది. పది రెట్లు పెంచే భూతద్దంతో సరిచూసుకోండి. ముందు, వెనక స్పార్లకు స్ట్రట్‌లు కలిసేచోట నాలుగు ఫిట్టింగ్‌లు, రెక్క మధ్యలో, దాన్ని విమానం మొండెం పైన నిలబెట్టే క్యాబేన్ స్ట్రట్‌లు కలిసేచోట నాలుగు, వీటిలో ఏదీ వదలకూడదు. బోరోస్కోప్ (సన్న గొట్టం కెమెరా) ఉంటే పలక అంచుల పైభాగం కూడా చూడండి, రెక్క కొన నేలకు కొట్టుకుంటే గీత పైవైపు పడుతుంది. బోల్టుల చుట్టూ చెక్క నల్లగా మారి ఉంటే నీళ్లు చేరాయని అర్థం. తేమ మీటర్ 20 శాతం దాటి చూపిస్తే ఆ చోటు కుళ్లు కోసం పొడిచి చూడాల్సిందే. ఆ విమానంలో రెక్క వెనకంచున ఉండాల్సిన డ్రెయిన్ గ్రొమెట్‌లు (నీళ్లు పోయే చిల్లుల చుట్టూ అతికించే రింగులు) కొన్ని అరల్లో అసలు లేవు. కొన్నింట్లో గ్రొమెట్ అతికించి గుడ్డకు చిల్లు పొడవలేదు. మూడు చక్రాల మీద నిలబడినప్పుడు నీళ్లన్నీ చేరేది ఫ్యూజలాజ్ (విమానం మొండెం) చివర, టెయిల్‌పోస్ట్ అనే నిలువు కర్ర అడుగున. కింది లాంజరాన్‌లను (మొండెం పొడవునా పోయే కర్రలను) అక్కడ వేలితో నొక్కి, వాసన చూసి మరీ వదలండి.

జిగురు ఏదో తప్పకుండా అడగండి. రెసార్సినాల్ ముదురు ఎర్రగోధుమ గీతలా కనపడుతుంది, అది సందులు నింపదు, అతుకు బిగువుగా ఉంటేనే పట్టుకుంటుంది. ఎపాక్సీ సందులు నింపుతుంది గానీ వేడికి మెత్తబడుతుంది, అందుకే ముదురు రంగు వేసిన రెక్క ఎండలో నిలబెట్టడం మంచిది కాదు. అతను "అంతా ఎపాక్సీ" అన్నాడు. రిబ్‌లలో (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ చట్రాల్లో) కనపడినవి ఎర్రగోధుమ గీతలు. కట్టింది అతను కాదు, కట్టినవాళ్లను అడిగిందీ లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎలివేటర్ (తోక మీద పైకీ కిందికీ కదిలే భాగం) హింజ్‌లలో హార్డ్‌వేర్ షాపు బోల్టులు ఉన్నాయి. విమానాలకు వాడే ఏఎన్ ప్రమాణం స్టీల్ బోల్టు తల మీద క్రాస్ గుర్తు ఉంటుంది, వీటి మీద మూడు గీతలున్నాయి. తిరిగే కీలు దగ్గర క్యాజిల్ నట్, అది ఊడకుండా దూర్చే కాటర్ పిన్ ఉండాల్సిన చోట నైలాన్ నట్ బిగించారు. వెయిట్ అండ్ బ్యాలెన్స్ కాగితం ఇంజన్ మార్చకముందుది. పియెటెన్‌పోల్ సహజంగానే తోక బరువు విమానం, వెనక సీట్లో పైలట్ కాస్త బరువుగా ఉంటే సీజీ (బరువు కేంద్రం) వెనక్కి జారుతుంది. 60 అంగుళాల రెక్క వెడల్పులో అది ముందంచు నుంచి 15కీ 20కీ మధ్య ఉండాలి. చాలామంది క్యాబేన్‌లను వెనక్కి వాల్చి రెక్కను జరిపేది అందుకే. కొనేముందు మూడు తూకాల మీద, తోక ఎత్తి లెవెల్‌లో పెట్టి, మీరే తూచండి. "ఏటా కండిషన్ ఇన్‌స్పెక్షన్‌కు నేనే సంతకం పెడతా" అని కూడా అన్నాడు. అమెరికా నియమాల్లో ఆ సంతకానికి తగిన సర్టిఫికెట్ కావాలి, ఉదాహరణకు ఆ విమానానికి రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ ఉన్న అసలు బిల్డర్, లేదంటే ఏ అండ్ పీ (విమాన చట్రం, ఇంజన్ రెండింటికీ లైసెన్స్ ఉన్న) మెకానిక్ పెట్టగలరు. విమానంతో పాటు బిల్డర్ సర్టిఫికెట్ చేతులు మారదు. ఆపరేటింగ్ లిమిటేషన్స్ (ఎగరడానికి పెట్టిన షరతుల) కాగితం విమానంలో ఉందో లేదో కూడా చూసుకోండి, అది లేకుండా ఎగరడం కుదరదు.

సలహా ఒక్కటే. రింగ్ కోయనివ్వని వాళ్ల దగ్గర కొనకండి. గుడ్డ వేయకముందు ఫోటోలు పంపితే, వాటిలో స్పార్ మందం, ఫిట్టింగ్ ఆకారం, రిబ్‌ల లెక్క మీరు కొనే రెక్కతో సరిపోతున్నాయో చూసుకోండి.

అతని దగ్గర ఇంకో రెక్కల జత, అదీ కొత్త గుడ్డతో, అమ్మకానికి ఉందని తెలిసింది. అతని చేతుల మీదుగా వచ్చిన విమానం మీలో ఎవరి హ్యాంగర్‌లోనైనా ఉంటే, దయచేసి దాన్ని ఎగరేయకండి. ముందు నాలుగు స్ట్రట్ ఫిట్టింగ్‌ల దగ్గరా కోసి, కింది వైపు చూడండి.