పొందూరు ఫైన్ ఖాదీ పంచెలు: మా తాతమ్మ మెచ్చే సరుకేనా?

మా తాతమ్మ సంవత్సరీకానికి ఇంట్లో మగవాళ్లకి బట్టలు పెట్టాలి. ఏ పంచెలు కొనాలన్న చర్చే రాలేదు. తాతమ్మ అంటే మా అమ్మమ్మకి అమ్మ. తొంభై ఆరేళ్లు బతికింది. లంగా ఓణీల వయసులో రాట్నం ముందు కూర్చున్న మనిషి, కళ్లు సహకరించినంతకాలం పొందూరు ఖాదీకి నూలు వడికింది. ఆవిడ పేరు చెప్పి పెట్టే బట్ట ఇంకెక్కడో కొంటే ఊరుకుంటుందా?

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్లు హైవే మీద చిలకపాలెం దగ్గర దిగి, రాజాం రోడ్డు పట్టుకుంటే పొందూరు వచ్చేస్తుంది. రైల్వే స్టేషన్ కూడా ఉంది. మేం వెళ్లిన దుకాణంలో అద్దాలూ బొమ్మలూ ఏమీ లేవు, బీరువాల్లో మడతలు మడతలుగా బట్ట. కూర్చోగానే పెద్దాయన అడిగిన మొదటి మాట, "ఎన్నో కౌంటు చూపించమంటారమ్మా?" అని. కౌంటు అంటే నూలు ఎంత సన్నమో చెప్పే లెక్క. అది పెరిగేకొద్దీ నూలు సన్నం, ధర ఎక్కువ. వంద కౌంటు పంచెల చాపు వేలల్లోనే ఉంటుంది. మిల్లు పంచె ధర మనసులో పెట్టుకుని వెళితే గుండె ఆగుతుంది. మాకు మాత్రం ఆ ధర ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు.

ఆ పంచె విప్పి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. తాతమ్మ అలాగే చూసేది. పోగులన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండవు. అక్కడక్కడా ఒక పోగు కాస్త లావై మళ్లీ సన్నబడుతుంది. చేత్తో వడికిన నూలని ఆ పోగే చెబుతుంది. తెలుపు కూడా సున్నం వేసినట్టు ఉండదు, కొంచెం మెత్తని తెలుపు. పట్టుకుంటే చేతిలో బరువే లేదు.

ఆ సన్నదనం వెనకాల ఎంత చాకిరీ ఉందో మా ఇంట్లో చిన్నప్పటి నుంచి చూశాం. ముందు కొండపత్తిలో చెత్తా ఆకూ ఏరాలి. తరవాత వాలుగ చేప దవడ. అవును, చేప దవడ ఎముకే. దాని పళ్లు చాలా చిన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి. గింజతో ఉన్న పత్తిని ఎడమచేతి వేళ్లతో పట్టుకుని, ఆ పళ్లతో నెమ్మదిగా దువ్వేది తాతమ్మ. పీచు ఒక్కో పోగూ విడిపోయి ఒకే వైపుకి లేచి నిలబడేది. ఆ పని చేస్తున్నంతసేపూ మాట్లాడేది కాదు, మాకైతే ఫ్యాన్ వేసే హక్కు కూడా లేదు. తరవాత చిన్న చెక్క మీద సన్న ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీసేది. ఆపైన చిన్న విల్లుతో ఏకి, ఆ దూదిని వడకడానికి వీలుగా సన్నని ఏకులుగా చుట్టి, అవి నలగకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని వడికేది. ఒక కదురు ఉన్న పెద్ద రాట్నం. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమచెయ్యి వెనక్కి సాగుతూ పోగు తీస్తుంది. పోగు తెగిందని నేను ఏడిస్తే, "ఏటే గుంటా, తెగిపోతే ఏడుత్తావేటి? అతుకు!" అని మళ్లీ చేతికిచ్చేది.

పొద్దున్న ఊడుపులకో కోతలకో వెళ్లి, వచ్చి వంట చేసి, మధ్యాహ్నం రాట్నం దగ్గర కూర్చునేది. చిన్న వయసులోనే భర్త పోయాడు. నూలు డబ్బులతో గేదెని కొంది, ఆ గేదె పాలతో పిల్లల్ని చదివించింది. వడికిన నూలు చుట్టలు, అంటే చిలపలు, తీసుకునే చోట ఒకసారి, నూలు ముతకగా ఉందని తక్కువ రాయబోయారట. అక్కడే కదలకుండా కూర్చుని, "నీ కళ్లు కనిపిత్తం నేదేటి బాబూ? మల్లీ సూడు" అని, రెండోసారి చూసి సరిగ్గా రాసేదాకా లేవలేదట. ఈ కథ మా అమ్మమ్మ ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. టీవీలో అక్కినేని నాగేశ్వరరావు పంచెకట్టు కనిపిస్తే చాలు, "ఆ నూలు మనదే" అనేది తాతమ్మ. ఆయన పొందూరు పంచెలు ఇష్టంగా కట్టేవారని ఊరందరికీ తెలుసు.

సరే, వాడకం సంగతి. మొదటి ఉతుకుకి కాస్త ముడుచుకుంటుంది, కాబట్టి పొడవు చూసుకుని తీసుకోండి. చన్నీళ్లలో చేత్తో ఉతికి, పల్చగా గంజి పెట్టి, నీడలో ఆరేయాలి. వాషింగ్ మెషీన్‌లో వేయకండి, దయచేసి. ఉతికేకొద్దీ మెత్తబడుతోంది. ఎండాకాలం పెళ్లికి కట్టుకెళ్లిన మామయ్య రోజంతా చెమట చిరాకు లేదన్నాడు. ముడతలు మాత్రం కూర్చున్న వెంటనే పడతాయి. అవి పడకూడదనుకునేవాళ్లు ఖాదీ జోలికి రావద్దు.

ఒక జాగ్రత్త. మా పిన్ని సిటీలో ఒక పెద్ద షోరూమ్‌లో ఇదే పేరు చెప్పి అమ్మిన చీర తెచ్చింది. వెలుతురులో పెడితే ప్రతి పోగూ ఒకేలా ఉంది, చెయ్యి తగిలిన జాడే లేదు. వీలైతే పొందూరు వచ్చే కొనండి. దుకాణంవాళ్లని అడిగితే వడికే ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారో చెబుతారు, వెళ్లి చూడండి. ఇప్పుడు అక్కడ ఎక్కువమంది పెద్దవయసువాళ్లే.

పంచెకి ఐదు స్టార్లూ ఇస్తాను. మొత్తం మీద నాలుగున్నర. వేలు పోసి నేను కొన్న బట్టలో వడికిన చేతికి అందే కూలి చాలా తక్కువ. వేళ్లు నొప్పి పుట్టేలా రోజంతా కూర్చున్నా పూట గడవడం కష్టమని అక్కడి అక్కలే చెప్పారు. వాళ్ల కూలి పెరిగేదాకా ఆ అర స్టారు ఇవ్వను.