అప్రెంటిస్ ఎస్‌టీఎస్ 1.5 మీటర్: క్లబ్బులో నేర్పడానికి ఎంతవరకు పనికొస్తుంది?

రేడియో కంట్రోల్ విమానం ఎగరేయడం నేర్చుకునేవాళ్లు ఎక్కువగా వినే పేర్లలో హాబీజోన్ అప్రెంటిస్ ఎస్‌టీఎస్ ఒకటి. రెక్కల నిడివి 1.5 మీటర్లు, ఒళ్లంతా ఈపీఓ అనే తేలికపాటి ఫోమ్. రెక్క పైన ఉంటుంది. మూడు చక్రాల్లో ముక్కు చక్రం రడ్డర్‌తో (ముక్కును పక్కలకు తిప్పే నిలువు తోక పలక) పాటు తిరుగుతుంది. 840 కేవీ (వోల్టుకు నిమిషానికి 840 చుట్లు) బ్రష్‌లెస్ మోటారు, 11×8 అంగుళాల ప్రొపెల్లర్, మూడు సెల్‌ల (3ఎస్) 3200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ. ఆర్‌టీఎఫ్ (రెడీ టు ఫ్లై, అంటే ఎగరేయడానికి సిద్ధంగా వచ్చే) పెట్టెలో ట్రాన్స్‌మిటర్, బ్యాటరీ, ఛార్జర్ కూడా వస్తాయి.

నేర్పించే విమానంగా దీనికి మంచి మార్కులే వేయాలి. పెద్దది కాబట్టి దూరంలోనూ ఎటు తిరిగిందో కనిపిస్తుంది. నెమ్మదిగా ఎగురుతుంది, చిన్న విమానాల్లా గాలికి ఎగిరెగిరి పడదు. ఇబ్బందల్లా అందరూ దేన్ని చూసి కొంటారో దానితోనే, అంటే సేఫ్ అనే ఎలక్ట్రానిక్ సాయంతో.

సేఫ్‌లో మూడు మోడ్‌లు, నొక్కగానే విమానాన్ని సమం చేసే ఒక పానిక్ బటన్ ఉంటాయి. బిగినర్‌లో విమానం ఒక హద్దు దాటి వంగదు, స్టిక్ వదిలేస్తే తనంతట తానే లెవెల్ అవుతుంది. ఇంటర్మీడియట్‌లో ఆ హద్దు పెరుగుతుంది. ఎక్స్‌పీరియెన్స్‌డ్‌లో హద్దే ఉండదు. కొత్తవాడు బిగినర్‌లో మలుపు తిప్పాలంటే మలుపు పూర్తయ్యేదాకా ఐలరాన్ (విమానాన్ని పక్కకు వంచే రెక్క అంచు పలక) స్టిక్ నొక్కి పట్టుకోవాలి. మామూలు విమానంలో పద్ధతి వేరు. స్టిక్ కొంచెం నెట్టి వంచాలి, మళ్లీ మధ్యకు తేవాలి, ఎత్తు పడిపోకుండా ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కాస్త లాగి పట్టాలి, మలుపు అయ్యాక ఎదుటి వైపు నెట్టి రెక్కలు సమం చేయాలి. ఇరవై బ్యాటరీలు అయిపోయేదాకా బిగినర్‌లోనే ఎగరేసినవాడి చేతికి ఆ నొక్కి పట్టే అలవాటే మిగులుతుంది. స్విచ్ మార్చిన రోజున అలాగే పట్టుకుంటే విమానం వంగుతూ వంగుతూ తలకిందులవుతుంది.

అందుకే పక్కన నేర్పేవాడు ఉన్న క్లబ్బులో బిగినర్ మొదటి రెండు మూడు బ్యాటరీలకు చాలు. ఆ తర్వాత కాపాడాల్సింది బడ్డీ బాక్స్, అంటే నేర్పేవాడి రేడియోకు జత చేసిన శిష్యుడి రేడియో. వైర్‌లెస్ ట్రైనర్ సదుపాయమున్న స్పెక్ట్రమ్ కంపెనీ రేడియో నేర్పేవాడి చేతిలో ఉంటే, శిష్యుడి డీఎస్‌ఎమ్‌ఎక్స్ (స్పెక్ట్రమ్ సిగ్నల్ పద్ధతి) ట్రాన్స్‌మిటర్‌ను దానికి బైండ్ చేయవచ్చు, అంటే జత కలపవచ్చు. వైరు అవసరం లేదు. విమానాన్ని శిష్యుడికి అప్పగించే ట్రైనర్ స్విచ్ స్ప్రింగ్‌ది అయ్యుండాలి. వేలు తీయగానే విమానం నేర్పేవాడి చేతికి వచ్చేయాలి. ఇద్దరి రేడియోల్లో రివర్స్‌లు (పలకలు కదిలే దిశ), ట్రిమ్‌లు (విమానం తిన్నగా పోయేందుకు చేసే చిన్న సవరణలు) ఒకేలా ఉన్నాయో లేదో నేల మీదే చూసుకోవాలి. లేదంటే చేతులు మారిన ప్రతిసారీ విమానం ఉలిక్కిపడినట్టు కుదుపు ఇస్తుంది.

నేర్పే వరస ఇలా ఉంటే మేలు. గురువే ఎగరేసి 60 నుంచి 80 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి అప్పగించాలి. ముందు తిన్నగా పోవడం, తర్వాత రెండు వైపులా మలుపులు, తర్వాత ఎనిమిది అంకె. ఎనిమిది మీద ఎంత సమయం గడిపినా తక్కువే. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారయ్యే చోటే చాలామంది తడబడతారు. అప్పుడు దిగిన రెక్క ఎటుంటే స్టిక్ అటు నెట్టమనండి. కుడి ఎడమల లెక్క వేసుకునే పని తప్పుతుంది. తర్వాత ఆ ఎత్తులోనే థ్రాటిల్ (మోటారు వేగం) తగ్గించి స్టాల్ (వేగం చాలక రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) చేయించి, ముక్కు దించి తేరుకోవడం చూపాలి. దిగడం చివర్లో. నేలను తాకకుండా పదిసార్లు రన్‌వే మీదుగా పోయాకే చక్రాలు ఆనించాలి. రన్‌వే అందేలా లేనప్పుడు కొత్తవాళ్లు ఎలివేటర్ లాగుతారు. వేగం పోయి విమానం అక్కడే కూలబడుతుంది. థ్రాటిల్ కొంచెం పెంచాలి, అంతే.

పానిక్ బటన్ పనిచేయాలంటే ఎత్తు ఉండాలి. నేలకు మూడు మీటర్ల ఎత్తున తలకిందులైనదాన్ని ఏ బటనూ కాపాడలేదు.

ఎగరేసే ముందు తప్పక చూడాల్సినవి ఉన్నాయి. బ్యాటరీ కలిపాక విమానాన్ని నేల మీద సమంగా ఉంచి, గైరో (విమానం కదలికను పసిగట్టే సెన్సార్) సిద్ధమయ్యేదాకా కదపకూడదు. చేతిలో ఊపుతూ ఉంటే గైరో లెక్క తప్పుతుంది. తర్వాత వెనక నిలబడి స్టిక్ కుడికి నెడితే కుడి ఐలరాన్ పైకి లేవాలి, స్టిక్ లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. గైరో దిశ చూసేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయండి. విమానం ముక్కు పైకెత్తితే ఎలివేటర్ కిందికి, కుడి రెక్క దించితే కుడి ఐలరాన్ కిందికి రావాలి. ఉల్టాగా వస్తే ఎగరేయకండి. అది నిలబెట్టాల్సిన విమానాన్ని తిరగేస్తుంది.

టైమర్ ఎనిమిది నిమిషాలకు పెట్టండి. దిగాక బ్యాటరీలో ఒక్కో సెల్ 3.7 వోల్టులకు తగ్గితే మరుసటిసారి సమయం తగ్గించాలి. ఛార్జింగ్ 3.2 ఆంప్స్‌కు మించకుండా చేయాలి. రెండు రోజులకు మించి ఎగరేయకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచాలి. మే నెల ఎండలో మూసిన కారులో వదిలితే లైపో ఉబ్బుతుంది, ఫోమ్ రెక్క మెలి తిరుగుతుంది. మెలి తిరిగిన రెక్కను ట్రిమ్‌తో సరిచేస్తే ఒక వేగంలోనే తిన్నగా పోతుంది.

ఎక్కువగా దెబ్బతినేది ముక్కు చక్రం. వరి కోసిన మళ్లలో కొయ్యకాళ్లకు తగిలినా, ముక్కు ముందుగా ఆనినా తీగ వెనక్కి వంగుతుంది. తర్వాత టేకాఫ్‌లో విమానం ఒక పక్కకు లాగుతుంది. గట్టి ఎర్రమట్టి నేల దీనికి నయం. విరిగిన ఈపీఓకు ఫెవిక్విక్ సరిపోతుంది. మామూలు థర్మాకోల్‌ను కరిగించినట్టు దీన్ని కరిగించదు. మోటారు బిగించే చోట మాత్రం ఎపాక్సీ వాడాలి. సొట్ట పడితే మరిగే నీళ్లు పోయండి, చాలావరకు ఉబ్బి వస్తుంది. గాటు పడ్డ ప్రొపెల్లర్‌ను అతికించకండి, పారేయండి.

స్థలం సంగతి కొనకముందే తేల్చుకోవాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం వినోదం కోసం కంటికి కనిపించేంత దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్‌కు టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ డిజైన్‌కు ఇచ్చే ఆమోద పత్రం) అక్కర్లేదు, ఎక్కడ ఎగరేయవచ్చో చెప్పే జోన్‌ల నియమం మాత్రం తప్పదు. శంషాబాద్, బేగంపేట విమానాశ్రయాలు, హకీంపేట, దుండిగల్ వైమానిక దళ స్థావరాల వల్ల హైదరాబాద్ చుట్టుపక్కల ఖాళీ స్థలం దొరికినంత మాత్రాన సరిపోదు. డ్రోన్‌ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఆకుపచ్చగా ఉందో లేదో చూసుకోవాలి.

దీంతో పాటే మూడు ప్రొపెల్లర్లు, ఒక ముక్కు చక్రం సెట్టు, ఇంకో బ్యాటరీ, సెల్ వోల్టేజీ చూపే చిన్న చెకర్ కొనండి. క్లబ్బు కోసం కొంటుంటే ఆర్‌టీఎఫ్ పెట్టెలు రెండు వద్దు. ఒకటి ఆర్‌టీఎఫ్, రెండోదాని డబ్బుతో నేర్పేవాడికి వైర్‌లెస్ ట్రైనర్ ఉన్న రేడియో.