పశ్చిమ రాష్ట్రాల ‘వూయీ’ రాయితీ: ఫుట్‌బాల్ ఊళ్లలో చదువు మనకు అందే ధరలో

హైస్కూల్ మార్చింగ్ బ్యాండులో నాలుగేళ్లు ట్రంపెట్ వాయించిన మా అమ్మాయికి, శనివారం వస్తే ఊరు ఊరంతా అమెరికన్ ఫుట్‌బాల్ చూడటానికి స్టేడియానికి కదిలే విశ్వవిద్యాలయం కావాలి. కాలిఫోర్నియాలో ఉంటున్న మాకు, బయటి రాష్ట్రాల విద్యార్థుల నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఎక్కువగా తీసుకునే ఫీజు కోసం అప్పు చేయకుండా గడవాలి. ఈ రెండు కోరికలూ ఒకచోట కలిసేలా చేసింది వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్ఛేంజ్. అందరూ ‘వూయీ’ అని పిలిచే ఈ ఏర్పాటును ఏడాదిపాటు దగ్గరగా చూశాక, ఇదే దారిలో ఉన్న తల్లిదండ్రుల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

15 పశ్చిమ రాష్ట్రాలు, పసిఫిక్‌లోని అమెరికా భూభాగాలు కలిసి నడుపుకునే ఉన్నత విద్యా కమిషన్ దీన్ని నిర్వహిస్తోంది. సభ్య రాష్ట్రంలో నివాసం ఉన్న విద్యార్థి, పథకంలో చేరిన 160కి పైగా ప్రభుత్వ కళాశాలల్లో సీటుతో పాటు ఈ రాయితీ కూడా పొందితే, అక్కడి స్థానిక విద్యార్థి కట్టే ట్యూషన్‌కు 150 శాతం మించి కట్టనక్కరలేదు. అంటే స్థానికులకు 6,000 డాలర్లయ్యే చోట మనకు 9,000 దాటదు. కుటుంబ ఆదాయంతో దీనికి సంబంధం లేదు. కమిషన్‌కు విడిగా దరఖాస్తు పెట్టే పని కూడా లేదు, అంతా కళాశాలతోనే జరుగుతుంది. హాస్టలు, భోజనం, ప్రయాణాల ఖర్చు మాత్రం ఎప్పటిలాగే మనదే.

ఇంత తక్కువకు దొరికే చోట ఆట మీద అభిమానం కూడా తక్కువే ఉంటుందేమోనని నేను మొదట అనుకున్న మాట నిజం. లక్ష మంది కూర్చునే అమెరికా దక్షిణాది స్టేడియాలు ఈ జాబితాలో లేవు. కొలరాడో బౌల్డర్, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వంటి పేరున్న చోట్లు కూడా లేవు. అయితే 1986 నుంచి నీలిరంగు మైదానం మీద ఆడుతూ, 2007లో పేరున్న కళాశాల ఫుట్‌బాల్ పోటీ అయిన ఫియెస్టా బౌల్‌లో ఓక్లహోమాను 43–42తో ఓడించిన బోయిసీ స్టేట్ ఇందులో ఉంది. 1897లో మొదలైన పోరును నేటికీ రాష్ట్రమంతా రెండుగా చీలి చూసే మోంటానా, మోంటానా స్టేట్ రెండూ ఉన్నాయి. ఈ రెండూ కళాశాల ఫుట్‌బాల్‌లో కింది శ్రేణి అయిన ఎఫ్‌సీఎస్‌లో ఆడతాయి కనుక చాలామంది వీటిని లెక్కలోకి తీసుకోరు. అది తొందరపాటని నా అభిప్రాయం, ఎందుకంటే మోంటానా విశ్వవిద్యాలయం ఉన్న మిజూలాలో కొండ పాదాన ఉన్న ఆ పాతిక వేల మంది స్టేడియం, ఆ ఊరి జనాభాతో పోల్చి చూస్తే, ఏ మహానగరపు స్టేడియానికీ తీసిపోదు.

మా మనసు నిలిచింది వయోమింగ్ మీద. రాష్ట్రం మొత్తానికి నాలుగేళ్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇదొక్కటే, ప్రొఫెషనల్ జట్టు ఒక్కటీ లేదు, అందువల్ల అభిమానమంతా ఆ విశ్వవిద్యాలయం ఉన్న లారమీలోనే పోగవుతుంది. మా కాలిఫోర్నియా కుర్రవాడే అయిన పేరున్న ఆటగాడు జాష్ ఆలెన్, ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లింది ఇక్కడి నుంచే. ఆట ఉన్న ఒక శనివారం చూసుకుని వెళ్లాం. జట్టు పాయింట్లు సాధించిన ప్రతిసారీ కౌబాయ్ జో అనే చిన్న గుర్రం మైదానంలో పరుగు తీస్తుంటే, మా అమ్మాయి మాత్రం బ్యాండు వైపు నుంచి చూపు తిప్పలేదు.

ఇక జాగ్రత్తల సంగతి. ‘వూయీ’ హక్కు కాదు, ప్రతి కళాశాలా తన షరతులతో ఇచ్చే రాయితీ. కొన్నిచోట్ల జీపీఏ (మార్కుల సగటు) హద్దు, కొన్నిచోట్ల పరిమిత సంఖ్య ఉంటాయి, మరికొన్నిచోట్ల నర్సింగ్ వంటి మేజర్లకు (ప్రధాన సబ్జెక్టులకు) ఈ రాయితీ వర్తించదు. ప్రవేశ గడువు కన్నా రాయితీ గడువు ముందే ముగిసిపోతుందని గమనించక, ఒక విశ్వవిద్యాలయంలో సీటు వచ్చినా రాయితీ పోగొట్టుకున్నాం. ఆ ఉత్తరం చదివిన రాత్రి ఇంట్లో ఎవరం సరిగా భోజనం చేయలేదు. మేజర్ మారితే రాయితీ నిలుస్తుందా, ఎన్నేళ్లు వర్తిస్తుందన్నవి చేరకముందే రాతపూర్వకంగా అడగాలి. ఈ రాయితీతో చదివిన కాలం చాలాచోట్ల, స్థానిక ఫీజుకు కావలసిన అక్కడి నివాస అర్హతకు లెక్కకు రాదు. హెచ్-4 వీసాపై (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చే వీసా) ఉన్న పిల్లలకు ఫెడరల్ సాయం ఎలాగూ లేదు. నివాసితులుగా గుర్తిస్తారా లేదా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కనుక, వారి విషయంలో ఈ ప్రశ్నే అన్నిటికన్నా ముందు తేల్చుకోవాలి.

పోలికకు దక్షిణాదినీ చూశాం. అలబామా విశ్వవిద్యాలయం మార్కులను బట్టి బయటి రాష్ట్రాల వారికి స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది, అక్కడి విద్యార్థుల్లో సగానికి పైగా బయటివారే. మంచి స్కోరు ఉన్నవారు అక్కడా లెక్క వేసుకోవాలి. ఫెడరల్ సాయం తీసుకునే ప్రతి కళాశాలా 2011 నుంచి తన వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సాయం పోగా నిజంగా పడే ఖర్చును అంచనా వేసే సాధనం) పెట్టి తీరాలి, అయితే అందులో ‘వూయీ’ కలిసిందో లేదో అడిగి తెలుసుకోవడం మంచిది. విద్యార్థుల టికెట్లు ఫీజులోనే ఉన్నాయా, విడిగా కొనాలా అన్నది, బ్యాండు సభ్యులకు ఏమైనా భృతి ఉందా అన్నది కూడా అదే ఫోన్‌లో అడగవచ్చు.

మా అమ్మాయి లారమీలో చేరింది. ఆగస్టులో బ్యాండు సాధన మొదలైంది. 7,220 అడుగుల ఎత్తున ఉన్న ఆ మైదానంలో నడుస్తూ ట్రంపెట్ ఊదడానికి ఊపిరి ఇంకా సరిపోవడం లేదని, నెమ్మదిగా అలవాటవుతోందని ఫోన్‌లో చెబుతోంది.