అమృత్‌సర్‌లో హుకమ్‌నామా వినడానికి రూపాయి అక్కర్లేదు, ప్యాకేజీలు కొనకండి

అమృత్‌సర్ వెళ్లే మనవాళ్లకి ముందే చెప్తున్నా. హర్‌మందిర్ సాహిబ్‌లో, అదే గోల్డెన్ టెంపుల్‌లో, తెల్లవారుజామున సిక్కుల పవిత్ర గ్రంథాన్ని తెచ్చే పాల్కీ (పల్లకీ) చూడ్డానికి గానీ, ఆ రోజుకి అందులోంచి చదివే హుకమ్‌నామా వినడానికి గానీ ఎవడైనా డబ్బులడిగితే ఒక్క పైసా ఇవ్వొద్దు. మా దగ్గర మనిషికి 900 చొప్పున నలుగురికి 3,600 గుంజారు, ఆ మంట ఇంకా తగ్గలేదు.

వెళ్లింది నేను, అమ్మ, అక్క, బావ. నిజామాబాద్ నుంచి నాందేడ్ వెళ్లి అక్కడ సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, ఒకటిన్నర రోజు ప్రయాణం. దార్లో కొన్ని స్టేషన్లలో సిక్కులు ప్యాసింజర్లకి ఫ్రీగా లంగర్ భోజనం పెడతారు, ప్లేటు, గిన్నె మీరే పట్టుకెళ్లండి. జలియన్‌వాలా బాగ్, అట్టారీ బోర్డర్ అన్నీ చూశాం, బానే జరిగింది.

హోటల్ గుడికి నడిచే దూరమే, రోజుకి 2,800, వేడినీళ్లు వచ్చాయి, రూమ్ గురించి కంప్లైంట్ లేదు. కానీ రాత్రి రిసెప్షన్‌లో ఉన్నాయన బావని పట్టుకుని "సార్, పొద్దున పాల్కీ దర్శన్ ప్యాకేజీ ఉంది, మా మనిషి దగ్గరుండి ముందు వరసలో నిలబెడతాడు, హుకమ్‌నామా దగ్గరగా వినొచ్చు, పెద్దావిడ ఉన్నారు కదా" అన్నాడు. అమ్మ మోకాళ్ల నొప్పులు చూసి బావ వెంటనే ఫోన్‌పే కొట్టేశాడు. తిరుమలలో 300 టికెట్ అలవాటైన వాళ్లం కదా, ఇక్కడా అలాంటిదేదో ఉంటుందనే ఎవరైనా అనుకుంటారు. వాడికి కావాల్సిందీ అదే.

మూడున్నరకి ఒక కుర్రాడొచ్చాడు, నవంబర్ చలిలో మమ్మల్ని ఘంటాఘర్ గేటు దాకా నడిపించి "అదిగో లైను, వెళ్లండి" అని చెప్పి వెళ్లిపోయాడు. అంతే! ముందు వరస లేదు, దగ్గరుండటం లేదు. అసలు ఆ గుళ్లో డబ్బులిచ్చే లైనే లేదు, మంత్రైనా రిక్షా తొక్కేవాడైనా తలకి గుడ్డ కట్టుకునే లోపలికి వెళ్లాలి. ఆ గుడ్డలు కూడా గేటు దగ్గర బుట్టలో ఫ్రీగా పెడతారు, చెప్పులు దాచడం ఫ్రీ, లగేజీ ఫ్రీ. తర్వాత బావ వెళ్లి రిసెప్షన్ ఆయన్ని అడిగితే "అది వేకప్ కాల్, ఎస్కార్ట్ చార్జ్ సార్" అన్నాడు. బావ ఆ రోజంతా ఎవరితో సరిగ్గా మాట్లాడలేదు, అంత మంచి కుల్చా కూడా సగంలో వదిలేశాడు.

ఇంకా కడుపు మండే సంగతేంటంటే హుకమ్‌నామా వినడానికి లోపలికి కూడా పోనక్కర్లేదు. రాత్రి ఎదురుగా ఉన్న సిక్కుల పీఠం అకాల్ తఖ్త్‌లో ఉంచిన గురు గ్రంథ్ సాహిబ్‌ని, అంటే ఆ పవిత్ర గ్రంథాన్ని, తెల్లవారుజామున బంగారు పాల్కీలో హర్‌మందిర్‌కి తీసుకొస్తారు. టైమ్ చలికాలం కాస్త లేటు, ఎండాకాలం ముందే. నర్సింగా అనే కొమ్ముబూర ఊదుతారు, పాల్కీకి ఒక్క క్షణం భుజం ఆనించాలని మగవాళ్లు తోసుకుంటూ ఉంటారు, పాల్కీ దగ్గర్నుంచి లోపలికి మాత్రం గ్రంథీ గారు (గ్రంథం చదివే ఆయన) తలమీద పెట్టుకుని తీసుకెళ్తారు. లోపల గ్రంథం మీద కప్పిన గుడ్డ (రుమాలా) తీసి, అర్దాస్ అనే ప్రార్థన అయ్యాక, వెతక్కుండా ఎక్కడ తెరుచుకుంటే అక్కడ తెరుస్తారు. ఎడమ పేజీ పైన ఏ శబద్ (కీర్తన) ఉంటే అది చదువుతారు, అది ముందు పేజీలో మొదలై ఉంటే వెనక్కి వెళ్లి మొదటి నుంచి చదువుతారు. 1430 పేజీల్లో ఏదైనా రావచ్చు, గురువులదే కాదు, కబీర్‌ది, నామ్‌దేవ్‌ది, ఫరీద్‌ది కూడా. అదే ఆ రోజుకి గురువు ఆజ్ఞ. సరోవరం చుట్టూ మైకుల్లో స్పష్టంగా వినపడుతుంది. మేం సరోవరం గట్టున కూర్చునే విన్నాం, గ్రంథీ గారు ఒక్కో లైను ఎంత నిదానంగా చదివారంటే భాష రాని అమ్మ కూడా కళ్లు మూసుకుని కదలకుండా కూర్చుంది.

తర్వాత అదే హుకమ్‌నామా బోర్డు మీద రాసిపెడతారు. మాకు గురుముఖి రాదు కాబట్టి ఇన్ఫర్మేషన్ ఆఫీసుకి వెళ్లాం, అక్కడున్న తెల్లగడ్డం పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి హిందీలో ఓపిగ్గా అంతా చెప్పాడు. పైన "సోరఠి మహలా 5" అని ఉంది, అంటే సోరఠి రాగం, ఐదో గురువు అర్జన్ దేవ్ గారు రాసింది. గురువులంతా చివర్లో నానక్ అనే పేరే వేసుకుంటారంట, ఎవరు రాశారో తెలిసేది ఈ నంబరు వల్లే.

అమ్మ ఊరుకోకుండా "మా మనవరాలి సంబంధం గురించి ఏమన్నా వచ్చిందేమో అడగవే" అంది. అక్క సిగ్గుపడిపోయింది గానీ నేను అడిగేశా. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. "అమ్మా, ఇది జాతకం కాదు, ఈ మాట ఈ రోజు అందరికీ ఒకటే. భయం తగ్గించుకో, దేవుడి పేరు మర్చిపోకు, నీ పని నువ్వు నిజాయితీగా చెయ్ అని ఉంది. సాయంత్రం దాకా అది పాటించి చూడు" అన్నాడు. పిల్లలకి పేరు పెట్టేటప్పుడు మాత్రం గ్రంథ్ తెరిచి వచ్చిన శబద్ మొదటి అక్షరంతో పేరు పెడతారని కూడా చెప్పాడు, మనం నక్షత్రపాదం చూసి అక్షరం పెట్టుకున్నట్టే కదా అని అక్క తెగ సంబరపడింది. బావ 200 ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టి "గోలక్‌లో (హుండీలో) వెయ్యండి, లేదంటే లంగర్‌లో గిన్నెలు తోమండి" అన్నాడు. బావ నిజంగానే గంటసేపు పళ్లేలు తోమాడు, మూడ్ సెట్ అయింది అప్పుడే.

లంగర్ గురించి ఒక్కటే చెప్తా, రోటీ రెండు చేతులూ చాపి తీసుకోవాలి, పళ్లెంలో వెయ్యరు. పప్పు, ఖీర్ అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. కడా ప్రసాద్ (నేతి హల్వా) ఇష్టమైతే కౌంటర్‌లో మీకు తోచినంత ఇచ్చి తీసుకోండి, మేం 50 ఇచ్చాం. ఆకు దొన్నెలో ఇస్తారు, నెయ్యి చేతికి అంటుకుని పోదు.

నా సలహా, హోటల్ కంటే ఎస్‌జీపీసీ (గురుద్వారాలు నడిపే సిక్కుల కమిటీ) వాళ్ల సరాయ్‌లు, అంటే యాత్రికుల సత్రాలు, చూసుకోండి, సారాగఢీ నివాస్‌కి ఆన్‌లైన్ బుకింగ్ ఉంది. పెద్దవాళ్లుంటే లోపలి లైన్‌కి గంటన్నర పైనే పడుతుందని తెలుసుకుని మధ్యాహ్నం భోజనాల టైమ్ ట్రై చెయ్యండి. ఇంటికొచ్చాక కూడా రోజూ హుకమ్‌నామా ఎస్‌జీపీసీ వెబ్‌సైట్‌లో అర్థంతో సహా పెడతారు, 2023 నుంచి వాళ్ల సొంత యూట్యూబ్ ఛానల్‌లో లైవ్ కూడా వస్తోంది. అంత దూరం పోలేని తెలంగాణ వాళ్లకి నాందేడ్‌లో హజూర్ సాహిబ్ గురుద్వారా ఉంది, 1708లో పదో గురువు గురు గోవింద్ సింగ్ గారు ఇక గ్రంథమే గురువని చెప్పింది అక్కడే, గోదావరి ఒడ్డున. హుకమ్‌నామా అక్కడా రోజూ తీస్తారు, నిజామాబాద్ నుంచి ఒక్క పూట ప్రయాణం, అమ్మని వచ్చే నెల తీసుకెళ్తున్నాం, ఈసారి సరాయ్‌లోనే దిగుతాం.