హెడ్‌ఫోన్ ఆంప్‌లో గుయ్‌మనే మోత: బ్యాటరీ, అడాప్టర్, ట్రాన్స్‌ఫార్మర్... ఏది మేలు?

హన్మకొండలో మా పైగదిలో రాత్రి పదకొండు దాటితే కాజీపేట వైపు నుంచి రైలు కూత కూడా వినిపిస్తుంది. అంత నిశ్శబ్దంలో, నా చేతులతో చేసుకున్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ ఆన్ చేస్తే పాట మొదలుకాకముందే చెవుల్లో గుయ్‌మని మోత. డాట్ బోర్డు మీద శబ్దాన్ని పెంచే ఒక ఎన్‌ఈ 5532 ఐసీ, ఇంటి కరెంటును నడిమి వైరుకు అటూ ఇటూ 12 వోల్టులకు దించే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజీని ప్లస్ 12, మైనస్ 12 దగ్గర నిలిపే 7812, 7912 రెగ్యులేటర్లు. ఇంతే సర్క్యూట్. ఐసీ రెండుసార్లు మార్చాను. మోత తగ్గలేదు.

రేడియోల కాలం నుంచి రిపేర్లు చేస్తున్న కాకా ఒకాయనకు చూపించాను. "ఐసీని ఏమనకు బిడ్డా. ముందుగాల ట్రాన్స్‌ఫార్మర్ వైర్లు ఊడదీసి, రెండు బ్యాటరీలు పెట్టి ఇను" అన్నడు. రెండు 9 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి, మధ్య వైరును గ్రౌండ్‌కు (సర్క్యూట్‌లో సున్నా వోల్టుల చోటుకు) ఇచ్చాను. మోత పూర్తిగా పోయింది. అంటే తప్పు ఆంప్‌లో లేదు, దానికి కరెంటు వచ్చే దారిలో ఉంది. అప్పటినుంచి బ్యాటరీ, అడాప్టర్, ట్రాన్స్‌ఫార్మర్ మూడింటినీ అదే బోర్డుకు మార్చి మార్చి పెట్టి విన్నాను.

అన్నిట్లో నిశ్శబ్దమైనది బ్యాటరీయే. గోడ ప్లగ్గుతో సంబంధమే లేదు కాబట్టి ఇంటి కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ హమ్మింగ్ (ఆ గుయ్‌మనే మోతే) ఆ దారిన వచ్చే వీలు లేదు. కానీ ఎన్‌ఈ 5532 ఏ పాటా లేకుండానే సుమారు 8 మిల్లీఆంపులు తాగుతుంది. మంచి ఆల్కలీన్ 9 వోల్టుల బ్యాటరీలో ఉండేది సుమారు 500 మిల్లీఆంప్-అవర్లు (అంటే 8 మిల్లీఆంపుల చొప్పున అరవై గంటల చిల్లర). రోజూ మూడు గంటలు వినేవాళ్లకు నెల కూడా రాదు. ఇంకో ప్రమాదం ఉంది. రెండు బ్యాటరీల్లో ఒకటి ముందే చచ్చిపోతే అవుట్‌పుట్‌లో డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వచ్చి హెడ్‌ఫోన్ కాయిల్ దెబ్బతినొచ్చు. అందుకే రెండు బ్యాటరీలనూ ఒకేసారి తెంచే డబుల్ పోల్ స్విచ్చే వాడాలి. హెడ్‌ఫోన్ పెట్టేముందు మల్టీమీటర్‌తో అవుట్‌పుట్ చూసుకోవాలి. 20 మిల్లీవోల్టుల లోపు ఉంటే భయం లేదు.

12 వోల్టుల అడాప్టర్ చవక, ప్రతి ఇంట్లో ఒకటి పడి ఉంటుంది. చాలామంది దీనితోనే మొదలుపెడతారు, నేను మాత్రం వద్దంటాను. అది కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీ దించే స్విచ్చింగ్ సప్లయ్. టూ పిన్ అడాప్టర్‌లో లోపలి చిన్న కెపాసిటర్ గుండా మెయిన్స్ కరెంటు కొద్దిగా అవుట్‌పుట్ వైపు లీకవుతుంది. ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ లోహపు భాగం తాకితే చేతికి చిమచిమలాడేది అందుకే. ఆంప్‌లో అదే చిరచిరమనే శబ్దం అవుతుంది. ఆంప్ డబ్బాను వేలితో తాకగానే శబ్దం మారితే కారణం దాదాపు ఇదే.

పైగా ఈ సర్క్యూట్‌కు ప్లస్, మైనస్ రెండూ కావాలి కాబట్టి 12 వోల్టులను సగం చేసి నడుమ ఒక నకిలీ గ్రౌండ్ తయారు చేయాలి. పాట వచ్చే ఫోన్‌ను కూడా, 5 వోల్టులకు దించే కార్ ఛార్జర్ లాంటిది పెట్టి, అదే అడాప్టర్ నుంచి ఛార్జ్ చేస్తే, ఫోన్ గ్రౌండ్ అడాప్టర్ నెగెటివ్‌కు కలుస్తుంది, ఆంప్ గ్రౌండేమో 6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆడియో వైరు గుచ్చగానే సగం సప్లయ్ షార్ట్! ఈ ఒక్క మాట కొత్తగా చేసేవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

ఇక ట్రాన్స్‌ఫార్మర్. నన్ను ఇన్నాళ్లు ఏడిపించింది ఇదే. చివరికి నాకు నచ్చిందీ ఇదే. మోతకు మూడు కారణాలు దొరికాయి.

మొదటిది నా వైరింగ్. ట్రాన్స్‌ఫార్మర్ నడిమి వైరును నేరుగా ఆంప్ గ్రౌండ్‌కు అతికించాను. డయోడ్ల నుంచి ఫిల్టర్ కెపాసిటర్లు (డీసీలోని అలలను నునుపు చేసేవి) సెకనుకు 100 సార్లు గుక్కలు గుక్కలుగా ఛార్జ్ అవుతాయి. ఆ గుక్కలన్నీ పాట వెళ్లే గ్రౌండ్ వైరులోనే పారుతున్నాయి. నడిమి వైరును ముందు రెండు ఫిల్టర్ కెపాసిటర్లు కలిసే చోటికి తెచ్చి, అక్కడి నుంచి ఒకే ఒక వైరు ఆంప్‌కు ఇచ్చాను. ముప్పావు వంతు మోత ఆ ఒక్క సోల్డరింగ్‌తోనే పోయింది.

రెండోది నర్సంపేట వైపు మా ఊరికి తీసుకెళ్లినప్పుడు తెలిసింది. మోటార్లు నడిచే వేళ వోల్టేజీ 190కి పడిపోతే మోత మళ్లీ మొదలు. లెక్క వేస్తే అర్థమైంది. 230 దగ్గర 12 వోల్టుల సెకండరీ (ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్ వైపు), అల శిఖరం 1.4 రెట్లు ఉంటుంది కాబట్టి, డయోడ్ దాటాక 16 వోల్టులు ఇస్తుంది. 190 దగ్గర 13 చిల్లరే. 7812 సరిగా పనిచేయాలంటే సుమారు 14 కావాలి. అంతకన్నా తగ్గితే ఫిల్టర్ మీది అలలు దాన్ని దాటి వచ్చేస్తాయి. వాటి బదులు 9 వోల్టులిచ్చే 7809, 7909 పెట్టాను. వాటికి 11 వోల్టులు చాలు. హెడ్‌ఫోన్‌కు 9 వోల్టులు ధారాళంగా సరిపోతాయి.

మూడోది అయస్కాంత క్షేత్రం. ట్రాన్స్‌ఫార్మర్‌ను బోర్డు పక్కనే పెడితే వాల్యూమ్ వైర్లలోకి హమ్మింగ్ దూరుతుంది. అల్యూమినియం డబ్బా దీన్ని ఆపలేదు, అయస్కాంతం అంటుకునే ఇనుప రేకు కొంత ఆపుతుంది. అన్నిటికన్నా మంచి మందు దూరం. ట్రాన్స్‌ఫార్మర్‌ను వేరే డబ్బాలో పెట్టి మూరెడు వైరుతో ఆంప్‌కు కలిపితే ఆ బాధ తీరుతుంది. ఆ డబ్బాలో 230 వోల్టులు ఉంటాయి కాబట్టి ఫ్యూజు, ఇనుప డబ్బా అయితే మూడో పిన్నుతో ఎర్తింగ్, ప్రతి జాయింటు మీద స్లీవు తప్పనిసరి. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు.

ఇవన్నీ చేశాక కూడా స్స్... అని సన్నగా వినిపిస్తే అది హమ్మింగ్ కాదు, హిస్. దానికి సప్లయ్ మార్చి లాభం లేదు. గెయిన్ (ఆంప్ శబ్దాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందో అది) 11 రెట్లు పెట్టుకున్నవాళ్లు 3కి తగ్గించి చూడాలి. టీఎల్ 072 ఐసీ వాడుతుంటే ఎన్‌ఈ 5532కు మారడం ఇక్కడ నిజంగా పనికొస్తుంది. వాల్యూమ్ సున్నాకు తిప్పినా ఉండే మోత సప్లయ్‌దో గ్రౌండ్‌దో అయి ఉంటుంది. వాల్యూమ్‌తో పాటు పెరిగేది ఇన్‌పుట్ వైరుది. అక్కడ షీల్డ్ వైరు వేసి, వాల్యూమ్ కంట్రోల్ లోహపు ఒంటిని గ్రౌండ్‌కు కలపాలి.

నన్నడిగితే ఇంట్లో బల్ల మీద వినడానికి వేరే డబ్బాలోని ట్రాన్స్‌ఫార్మరే మేలు. అడాప్టర్ జోలికి పోకండి. బ్యాటరీలు మాత్రం నా పెట్టెలో రెండు ఎప్పుడూ ఉంటాయి, సికింద్రాబాద్ రైల్లో వినడానికి, మళ్లీ ఎప్పుడైనా మోత మొదలైతే ముందుగా పెట్టి చూడడానికి.