అనంతస్పర్శరేఖ కనుక్కోవడానికి ఏది మేలు: భాగహారమా, అవధులా?

వక్రం అనంతం వైపు పోయేకొద్దీ ఏ సరళరేఖకు ఎంతైనా దగ్గరవుతుందో అదే దాని అనంతస్పర్శరేఖ (అసింప్టోట్). ఏటవాలు అనంతస్పర్శరేఖ అడిగితే భాగించాలా, అవధులు (లిమిట్లు) తీయాలా? నా దగ్గర లెక్కలు చెప్పించుకునే డిగ్రీ పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఇది. ఎలా చేసినా వచ్చే రేఖ ఒకటే. అయినా నేను ముందు భాగహారమే చేయిస్తాను. ఎందుకో ఈ లెక్కలో చూడండి.

వై = (ఎక్స్³ + ఎక్స్² + 2 ఎక్స్) / (ఎక్స్² + 1)

అవధులతో అయితే, ఎక్స్ అనంతానికి పోతుంటే వై/ఎక్స్ విలువ 1కి చేరుతుంది. అది వాలు. తర్వాత (వై − ఎక్స్) అవధి తీస్తే అదీ 1. రేఖ వై = ఎక్స్ + 1. రెండు లైన్లలో పని అయిపోయింది. కానీ వక్రం ఆ రేఖకు పైన ఉందా, కింద ఉందా? ఎక్కడైనా దాన్ని దాటిందా? అది మాత్రం తెలియలేదు. గ్రాఫ్ గీయమంటే పెన్ను ఆగిపోయేది ఇక్కడే.

ఇప్పుడు భాగించండి. భాగఫలం ఎక్స్ + 1, శేషం ఎక్స్ − 1. అంటే వక్రానికీ రేఖకీ మధ్య నిలువు తేడా (ఎక్స్ − 1)/(ఎక్స్² + 1). ఎక్స్ 1 కన్నా పెద్దదైతే ఈ తేడా ధనాత్మకం, వక్రం రేఖకు పైన ఉంటుంది. చిన్నదైతే కింద ఉంటుంది. సరిగ్గా 1 దగ్గర తేడా సున్నా. (1, 2) బిందువు దగ్గర వక్రం తన అనంతస్పర్శరేఖనే దాటేస్తోంది!

"వక్రం అనంతస్పర్శరేఖని ఎప్పటికీ తాకదు" అని బట్టీ పట్టినవాళ్లు ఇది చూసి లెక్క తప్పిందేమోనని టెన్షన్ పడతారు. లెక్క తప్పలేదు. ఆ మాట అతిపరావలయానికి (హైపర్‌బోలాకి) నిజం, అన్ని వక్రాలకీ కాదు. అసింప్టోట్ అనే గ్రీకు పేరుకు 'కలవనిది' అనే అర్థం ఉంది. నాకు మన తెలుగు పేరే నచ్చుతుంది. స్పర్శ అనంతంలో అంటోంది గానీ, మధ్యలో దాటకూడదని అనడం లేదు. ఎంత వివరించినా పోని ఈ అపోహ, శేషాన్ని ఒక్కసారి కళ్లారా చూస్తే పోతుంది.

అయితే భాగహారం బహుపదుల భిన్నాలకే పనికొస్తుంది. వై = √(ఎక్స్² + 4 ఎక్స్) ఇస్తే అవధులే దిక్కు. కుడివైపు వై = ఎక్స్ + 2, ఎడమవైపు వై = −ఎక్స్ − 2. ఎక్స్ రుణాత్మకమైనప్పుడు √ఎక్స్² అంటే −ఎక్స్ అని మరిచిపోతే ఎడమ రేఖ తప్పిపోతుంది. వాలు రాగానే ఆగిపోకండి. వై = ఎక్స్ + లాగ్ ఎక్స్‌కి వాలు 1 వస్తుంది, రెండో అవధి అనంతమవుతుంది. కాబట్టి ఏటవాలు రేఖే లేదు.

నిలువు రేఖలకు ఈ చర్చ అక్కర్లేదు. భిన్నాన్ని సూక్ష్మీకరించి, హారం ఎక్కడ సున్నా అవుతుందో చూస్తే చాలు.

ఎక్స్³ + వై³ = 3 ఎక్స్ వై లాగా వై విడిగా రాని వక్రమైతే, వై స్థానంలో సరళరేఖ సమీకరణాన్ని (ఎం ఎక్స్ + సి) పెట్టి, ఎక్స్ ఘాతాల్లో అన్నిటికన్నా పెద్దవైన రెండింటి గుణకాలను సున్నా చెయ్యండి. ఎక్స్ + వై + 1 = 0 వస్తుంది.